గోడలు ఆరేలోగా నాన్నగారి పద్యాలు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. డెబ్బై ఏళ్ళ నాటి ఇల్లు. అడుగున్నర మందం సున్నపు గోడలు, ముందు భాగం పెంకు, వెనక వంటింటి మీద తరువాత వేసిన శ్లాబు. ఆగస్టు చివర కురిసిన వానకు వీధి కాలువ పొంగి ఒక రాత్రంతా ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. పెంకూ శ్లాబూ కలిసే చోట పైనుంచి కూడా కారింది. మూడు వారాలైనా గోడలు నడుము ఎత్తు దాకా తడిగానే ఉన్నాయి. వెంటనే సిమెంటు పూత పూసి వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తే దసరాకి ఇల్లు కొత్తదైపోతుందని మేస్త్రీ అంటున్నాడు. ఇల్లు అమ్మేసి వచ్చేయమని విశాఖలో ఉన్న మా అబ్బాయి అంటున్నాడు. ఎనభై రెండేళ్ళ మా అత్తగారు రాత్రంతా దగ్గుతున్నారు. చెమ్మకు ఒళ్ళు వణుకుతోందంటే గదిలో కుంపటి పెడుతున్నాను. కొన్ని స్విచ్చులు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది. అన్నిటికన్నా నన్ను కుంగదీసినది మా నాన్నగారి నోటుపుస్తకం. ఆయన ఇక్కడే తెలుగు మాస్టారుగా పనిచేశారు. ఇంకు పెన్నుతో రాసుకున్న ఆయన సొంత పద్యాలు ట్రంకుపెట్టెలో తడిసిపోయాయి. ఇంకా పాడవుతాయేమోనని ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టాను, విప్పే ధైర్యం లేదు. రాత్రిళ్ళు నిద్ర పట్టక గజేంద్రమోక్షం చదువుకుంటే కాస్త ఊరటగా ఉంటోంది. "ఇల్లిలా పడి ఉంటే నీకు పద్యాలు కావలసి వచ్చాయా" అని మా ఆడపడుచు అన్న మాట గుచ్చుకుంది. నేను చేస్తున్నది తప్పా? కవరులో చుట్టే ముందు పై పుటలో కనిపించిన కందం ఒకటి రాసి పంపుతున్నాను. అందులో నాలుగో పాదంలో కొన్ని అక్షరాలు చెరిగిపోయాయి.

సమాధానం: సోదరీ, అన్నిటికన్నా ముందు జవాబు చెప్పవలసిన సంగతిని మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోయారు. స్విచ్చు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందంటే తడిసిన గోడలోకి కరెంటు దిగుతోందని అర్థం. ఈ ఉత్తరం తక్కినది చదివే ముందు లేచి వెళ్ళి, పొడి చెప్పులు వేసుకుని, పొడి చేత్తో మెయిన్ స్విచ్ ఆపండి. ఆ మెయిన్ బోర్డు గోడ కూడా తడిగా ఉంటే దాన్ని మీరు ముట్టుకోకుండా, స్తంభం దగ్గరే లైను తీయించమని కరెంటు వారిని పిలవండి. ఆ తరువాత ఎలక్ట్రీషియన్ వచ్చి ప్రతి బోర్డూ విప్పి, తడి లేదని తేల్చిన లైనును మాత్రమే తిరిగి ఇవ్వాలి. నీళ్ళు నిలిచిన ఎత్తు కంటే కింద ఉన్న ప్లగ్గులన్నిటినీ ఈ ఏడాదికి మరచిపోండి. ముప్పై మిల్లీ ఆంపియర్ల లీకేజీకే లైను తెంపేసే ఆర్‌సీసీబీ ఒకటి మెయిన్ దగ్గర పెట్టించుకోండి. సున్నపు గోడల పాత ఇళ్ళలో ఎర్తింగు సరిగా ఉండదు కనుక ఆ పరికరం మీద పెట్టిన డబ్బు వృథా కాదు. ఇన్వర్టరు ఉంటే దాన్ని కూడా విడిగా ఆపాలి, ఎందుకంటే మెయిన్ ఆపినా దాని లైనులో కరెంటు ఉంటుంది.

రెండవది కుంపటి. అత్తగారి మీద ప్రేమతోనే పెడుతున్నారని తెలుసు, అయినా ఈ రాత్రి నుంచి వద్దు. తలుపులు మూసిన గదిలో బొగ్గు కాలితే వెలువడే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలో ఉన్న మనిషికి అది తెలియదు. పెద్దావిడ మంచాన్ని ఇంట్లో ఎక్కువగా ఆరిన గదికి, వీలైతే పొరుగింటి పొడి గదికి మార్చండి. మంచానికీ గోడకూ మధ్య జానెడు ఖాళీ ఉండాలి. వెచ్చదనానికి ఉన్ని దుప్పటి, వేడి నీళ్ళ సంచి చాలు. తడిసిన దూది పరుపును ఎండబెట్టి వాడుదామని చూడకండి, లోపల పట్టిన బూజు పోదు. మూడు వారాలుగా తగ్గని దగ్గును చెమ్మ దగ్గని ఇంట్లోనే తేల్చకుండా ఈ వారమే డాక్టరుకు చూపించండి. నీళ్ళు తగిలిన బియ్యం, పప్పులు పారేయడానికి మనసొప్పకపోయినా పారేయండి; బావి ఉంటే బ్లీచింగు వేయించి, కొన్నాళ్ళు మరిగించిన నీళ్ళే తాగండి.

ఇక ఇంటి సంగతి. ఇందులో మొదటి పని గోడ కాదు, కప్పు. మన ప్రాంతానికి అక్టోబరు రెండో వారం ఎలాంటిదో మీకు నేను చెప్పనక్కరలేదు. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ మరుసటి ఏడు సరిగ్గా అదే తేదీన విశాఖ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీకి మీ గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఎన్ని ప్రాణాలు పోయాయో మీ ఊరివారికే బాగా తెలుసు. అందుచేత పెంకూ శ్లాబూ కలిసే ఆ అతుకును రానున్న పది పదిహేను రోజులలో సరిచేయించండి. అక్కడ సిమెంటు మెత్తి ఊరుకుంటే ఎండకు వాసాలు కదిలి మళ్ళీ చీలుతుంది. రెండు వరుసల పెంకు ఎత్తి, దాని కిందికి దూర్చిన జింకు రేకుతో కాలువ చేసి, నీరు గోడ మీద పడకుండా బయటికి పోయేలా వాలు ఇవ్వాలి. ఆ పని జరిగేటప్పుడు వాసాల కొనలను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడమనండి. మెత్తగా లోపలికి దిగితే ఆ వాసం పుచ్చినట్లే.

గోడల విషయంలో మీ మేస్త్రీ చెప్పినదానికి నేను గట్టిగా అడ్డు చెబుతున్నాను, ఎందుకంటే ఆ పొరపాటు నా చేతులతో నేనే చేశాను. ఫైలిన్ రాత్రి బరంపురంలో మా పెంకుటింటి కప్పు సగం లేచిపోయి, తెల్లవారేసరికి గోడలు పైనుంచి కింది దాకా నానిపోయాయి. సంక్రాంతికి ఇల్లు చూడముచ్చటగా ఉండాలన్న తొందరతో, మూడు నెలలైనా నిండకుండా సిమెంటు పూత పూయించి, మెరిసే రంగు వేయించాను. పండుగకు వచ్చినవారందరూ మెచ్చుకున్నారు. వచ్చిన వానాకాలంలో హాలు గోడ అరచేతి వెడల్పున ఉబ్బింది. వేలితో తడితే డొల్ల మోత మోగింది. ఒక మధ్యాహ్నం ఆ పూత పళ్ళెమంత పెచ్చుగా ఊడి పడితే, దాని వెనక ఇటుక అక్టోబరులో ఎంత తడిగా ఉందో అంతే తడిగా ఉంది, దాని మీద ఉప్పు తెల్లని నూగులా పూసి ఉంది. సున్నపు గోడ నీటిని పీల్చుకుంటుంది, గాలి తగిలితే అదే నీటిని విడిచిపెడుతుంది. సిమెంటూ ప్లాస్టిక్ రంగూ ఆ దారిని మూసేస్తాయి. దారి లేని నీరు ఇటుకల సందుల్లోని సన్నని రంధ్రాల వెంట పైకి ఎక్కి, నడుము ఎత్తున ఉన్నది భుజం ఎత్తుకు చేరుతుంది, తనతో పాటు ఉప్పును మోసుకుపోతుంది.

ఈ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. మీరు పంపిన కందంలో మీ నాన్నగారు మొదటి రెండు పాదాల్లోనే చెప్పి పెట్టారు:

వానకు తడిసిన గోడలు
మౌనముగా నెండుదనుక మనమాగవలెన్

ఎన్నాళ్ళు ఆగాలన్నదానికి ఇంజినీర్లు వేసే ఉజ్జాయింపు లెక్క ఒకటుంది: అంగుళం మందానికి సుమారు ఒక నెల. మీది అడుగున్నర గోడ; రెండు వైపులా గాలి తగిలితే తొమ్మిది అంగుళాల లెక్క, అంటే తొమ్మిది నెలలు. మన వైపు గాలిలోనే తేమ ఉంటుంది కనుక వచ్చే వేసవి పూర్తిగా గడిచేదాకా ఆ గోడలు ఆరినట్టు భావించకండి. ఈలోగా చేయవలసింది కొంచెమే. ఉబ్బిన పూతను, పాత రంగును గీకించేసి ఇటుకకు ఊపిరి ఇవ్వండి. బీరువాలనూ పెట్టెలనూ గోడకు జానెడు ఎడంగా జరపండి. ఎండ కాసే పగలు కిటికీలన్నీ తెరిచి, ముసురు పట్టినప్పుడు మూసేయండి. కరెంటు సురక్షితమని తేలాక గోడల వైపు ఫ్యాను తిప్పండి. ఉప్పు పూస్తే దాన్ని నీళ్ళతో కడగకూడదు, కడిగితే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. పొడి బ్రష్షుతో దులిపి, కింద రాలినదాన్ని ఎత్తి బయట పారబోయాలి. నల్లగానో పచ్చగానో పట్టే బూజు మాత్రం ఇందుకు విరుద్ధం. పొడిగా దులిపితే అది గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది కనుక, ముక్కుకు మాస్కు కట్టుకుని సబ్బు నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి. బ్లీచింగును, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను ఎప్పుడూ ఒకచోట కలపవద్దు, ఆ వాయువు ప్రాణాంతకం.

గోడ ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు అతికించి రెండు రోజులు వదిలేయండి. లోపలి వైపు, అంటే గోడకు ఆనుకున్న వైపు చెమట పట్టినట్టు చుక్కలు కనిపిస్తే గోడలో ఇంకా నీరుంది. పై వైపు చుక్కలుంటే అది గదిలోని గాలి తేమ. నెలకొకసారి ఒకే చోట అతికించి చూస్తూ, తేదీ వేసి ఒక కాగితం మీద రాసుకోండి. రెండు వైపులా పొడిగా ఉన్న నాడు పిలవవలసింది సిమెంటు మేస్త్రీని కాదు. గానుగ సున్నంతో పూత పూసే పాత పని తెలిసిన పెద్ద మేస్త్రీని వెతకండి. మీ ఊళ్ళో లేకపోతే ఏటికి ఆవల పాతపట్నం వైపు పల్లెల్లో అడిగి చూడండి. రంగు కూడా వెల్ల సున్నమే. దసరాకి ఇల్లు మచ్చలతో ఉంటుంది, ఉండనివ్వండి.

అమ్మకం గురించి మీ అబ్బాయి చెప్పింది మీ క్షేమం కోరి చెప్పిన మాటే. అయినా తడి గోడల మధ్య కూర్చుని ఇల్లు అమ్మే నిర్ణయం తీసుకోవద్దు. ఇప్పుడు అమ్మితే కొనేవాడు తడి గోడల ధరే ఇస్తాడు. వచ్చే వేసవి తరువాత, మరొక వానాకాలం ఎలా గడిచిందో చూసి ఆలోచించండి. ఈలోగా మీ అబ్బాయికి ఒక పని అప్పగించండి. నీటి మరక గోడ మీద ఎంత ఎత్తున ఉందో స్కేలు పెట్టి ఫోటోలు తీయించి, ఇంటి పట్టా, పన్ను రసీదు జత చేసి తహసిల్ ఆఫీసులో నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టించమనండి. దరఖాస్తు ఒడియాలో ఉంటే పని తొందరగా కదులుతుంది, రాయడానికి పొరుగువారి సాయం అడగడానికి మొగమాటపడకండి.

ఇప్పుడు మీరు అసలు అడిగిన మాటకు వస్తాను. మీరు చేస్తున్నది తప్పు కాదు. ఇంటి పని ఎగ్గొట్టి పద్యాలు చదువుకుంటున్నారా? లేదు. పగలంతా బురద ఎత్తి, తడి బట్టలు పిండి, అత్తగారిని చూసుకుని, అందరూ నిద్రపోయాక, మీకు నిద్ర రాని వేళ చదువుకుంటున్నారు. ఆ వేళ గోడకు మీరు చేయగలిగింది ఏమీ లేదు. తొమ్మిది నెలలు దానంతట అది ఆరవలసిన గోడను రాత్రంతా చూస్తూ కూర్చున్నా అది తొందరపడదు. మీ ఆడపడుచు ఆ మాట అన్నప్పుడు ఆవిడ మనసులో ఉన్నది పద్యం మీద కోపం కాదేమోనని నాకు తోస్తోంది. తాను పుట్టి పెరిగిన ఇల్లు అలా ఉండటం చూసిన దుఃఖం ఎటో ఒక వైపు రావాలి, అది మీ చేతిలోని పుస్తకం మీదికి వచ్చింది. ఒక సాయంత్రం ఆవిడనూ పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

గజేంద్రమోక్షమే మీకు ఎందుకు ఊరట ఇస్తోందో నాకు అర్థమవుతోంది, ఫైలిన్ తరువాత నేను కూడా పట్టుకున్నది అదే. నీళ్ళలో చిక్కుకున్న ప్రాణి కథ అది. మనం దాన్ని భక్తి కథగా వింటాం కనుక, ఏనుగు మొసలి నోట పడగానే దేవుణ్ణి పిలిచిందన్నట్టు గుర్తుంచుకుంటాం. పోతన అలా చెప్పలేదు. ఆ ఏనుగు రాత్రులూ, సంధ్యలూ, పగళ్ళూ అని లెక్కపెట్టకుండా వెయ్యి సంవత్సరాలు పోరాడింది. ఆ తరువాత "లావొక్కింతయు లేదు" అన్న పద్యం వస్తుంది. ఆ పద్యంలో సగం ప్రార్థన కాదు, ఒంటి పరిస్థితి: బలం లేదు, ధైర్యం చెదిరింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వస్తోంది, శరీరం డస్సిపోయింది. ఒక్కొక్కటీ విడివిడిగా, దాచకుండా, పేరు పెట్టి చెప్పిన తరువాతే రమ్మని పిలుపు. మూడు వారాలుగా మిమ్మల్ని ఎవరైనా "ఎలా ఉన్నావు" అని అడిగితే "ఏదో ఇలా ఉన్నాం" అనే చెప్పి ఉంటారు. రాత్రి ఆ పద్యం పైకి చదివినప్పుడు మీ పరిస్థితి ఉన్నదున్నట్టు మీ నోటి నుంచే వస్తోంది, అదీ శార్దూల వృత్తపు బరువైన నడకతో, ఆగవలసిన చోట ఆగుతూ. ఏడుపు గొంతులో అడ్డుపడే వేళ పద్యం ఊపిరికి ఒక కొలత ఇస్తుంది. దీన్ని నేను విలాసంగా ఎన్నడూ అనుకోలేదు. వీలైతే కళ్ళతో కాక గొంతెత్తి చదవండి, అత్తగారికి వినిపించేటట్లు; ఆ వయసు వారిలో చాలామందికి ఆ ఘట్టం కంఠతా వచ్చి ఉంటుంది, మీరు ఆగిన చోట ఆవిడ అందుకోవచ్చు.

చివరిది మీ నాన్నగారి పుస్తకం. ఆ ప్లాస్టిక్ కవరును ఇవాళే విప్పండి. తడిసిన కాగితానికి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది, మూసిన కవరు దానికి పుట్టిల్లు. ఇప్పుడు విప్పడానికి భయపడుతున్నారు కాని, విప్పకపోతేనే నష్టం. మాస్కు కట్టుకుని, ఎండ నేరుగా పడని, గాలి ఆడే వరండాలో, శుభ్రమైన పొడి గుడ్డ మీద పుస్తకాన్ని పెట్టండి. మండుటెండలో పెట్టకూడదు, కాగితం వంకరలు పోయి పెళుసుబారుతుంది, ఇంకు వెలిసిపోతుంది. ఇంకా తడిగా ఉంటే బలవంతంగా తెరవకుండా, ఎక్కడ దానంతట అది విడిపోతే అక్కడ మాత్రం తెల్లకాగితం ఒకటి పెట్టి, కొన్ని గంటలకొకసారి మారుస్తూ రండి. అచ్చు పడిన వార్తాపత్రిక కాగితం వద్దు, దాని మసి పద్యానికి అంటుకుంటుంది. ఒక్కసారిగా చూసుకోలేనన్ని పుస్తకాలు తడిగా ఉంటే, తక్కినవాటిని విడివిడిగా కవర్లలో పెట్టి ఫ్రిజ్ పైభాగంలో గడ్డకట్టే అరలో ఉంచండి. పెద్ద గ్రంథాలయాలు వరద తరువాత చేసే పని అదే. గడ్డకట్టినంత కాలం బూజు పెరగదు, ఒక్కొక్కటి తీసి తీరికగా ఆరబెట్టుకోవచ్చు. బాగా ఆరబోతున్న దశలో, కొద్దిపాటి తేమ ఉండగా, రెండు చెక్క పలకల మధ్య పెట్టి పైన బరువు ఉంచితే పుటలు చదునుగా వస్తాయి. అంటుకుపోయిన పుటలను చాకుతో విడదీయాలని చూడకండి, నీళ్ళతో తడిపి అసలే వద్దు. ఇంకు పెన్ను రాత ఇంకొక తడిని తట్టుకోదు. వాటిని అలాగే ఉంచి, భువనేశ్వర్‌లోని రాష్ట్ర మ్యూజియం వంటి తాళపత్రాలను సంరక్షించే చోట పని తెలిసినవారిని అడగండి.

రాత వెలిసిపోయిన పుటలను చూసి పద్యం పోయిందనుకోకండి. మా అమ్మ మంగళహారతుల పుస్తకం ఫైలిన్‌కు తడిసినప్పుడు నీలి ఇంకు అంతా పుట అడుగుకు జారి, పైన నాలుగు పంక్తుల చోట లేత ఆకాశం రంగు మరక ఒకటే మిగిలింది. ఒక రాత్రి దీపాలు ఆర్పి, టార్చిలైటును పుట పక్కనుంచి, దాదాపు పుటకు ఆనించి వేసి చూశాను. ఇంకు పోయినా పాళీ నొక్కిన గాడి కాగితంలో ఉంది. "జయ" అన్న మాటలో య-కు మా అమ్మ ఎప్పుడూ పెట్టే పొడుగు తోక ముందు కనిపించింది, దాన్ని పట్టుకుని తక్కిన అక్షరాలు ఒక్కొక్కటే చదివాను. అదే పద్ధతిలో మీరు కూడా చూడండి, టార్చి నాలుగు వైపుల నుంచీ మార్చి వేసి, ప్రతిసారీ ఫోనుతో ఫోటో తీసుకోండి.

అప్పటికీ దొరకని అక్షరాలకు ఛందస్సు ఉంది. ఇది మాస్టారి కుమార్తెకు నేను చెప్పాలా అనిపిస్తోంది, అయినా మీ కందంలో చెరిగిన చోటునే తీసుకుని చెబుతాను. మూడో పాదం మీరు పూర్తిగా రాసి పంపారు: "పూనికతోడను చదివిన". నాలుగో పాదంలో "తేనియ పద్యమ్ము" తరువాత మరక, ఆపైన "ర్చును మనకున్" అని మీరు రాశారు. ఆ మరకలో మొదట మూడు అక్షరాల మాట ఒకటి, తరువాత "ర్చును"కు ముందు ఒక అక్షరం ఉండాలని గణాల లెక్క చెబుతోంది. ఆ చివరి అక్షరం నాలుగో గణానికి మొదటిది, అంటే యతి స్థానం, పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరవలసిన చోటు. పాదం "తే"తో మొదలైంది కనుక అక్కడ త, థ, ద, ధలలో ఒకటి, ఇ, ఈ, ఎ, ఏ, ఋ వంటి అచ్చుతో రావాలి. "మార్చును" కుదరదు, "కూర్చును" కుదరదు, "చేర్చును" కుదరదు. "తీర్చును" గాని, సంధి జరిగి "దీర్చును" గాని అయి ఉండాలి. గణం గురువుతో మొదలు కావాలన్న లెక్క కూడా దానితో సరిపోతోంది. ఆ అక్షరాన్ని మీ నాన్నగారే మీకు యతి రూపంలో వదిలి వెళ్ళారు, దాన్ని నిశ్చింతగా రాసుకోండి.

ఇలా చెడిపోయిన కావ్యాన్ని తిరిగి నింపుకోవడం మన భాషకు కొత్త కాదు. పోతన భాగవతంలోనే కొన్ని భాగాలు శిథిలమైపోయాయని చెప్పుకుంటారు. పంచమ స్కంధం గంగన, షష్ఠ స్కంధం సింగన, చివరి రెండు స్కంధాలు నారయ పూరించారు, ఎవరు ఏది రాశారో వారి పేర్లతో సహా ఉంది. మీరు కూడా అలాగే, మీ నాన్నగారి అక్షరాలు ఏవో, మీరు చేర్చినవి ఏవో తెలిసేటట్లు రాయండి. కొత్త నోటుపుస్తకం ఒకటి కొని, ఈసారి ఇంకు పెన్నుతో కాక, నీటికి చెరగని పెన్సిలుతో గాని బాల్‌పెన్నుతో గాని, రోజుకు ఒకటో రెండో పద్యాలు ఎత్తి రాసుకోండి. ఆయన దగ్గర చదువుకున్నవారు మీ ఊళ్ళో ఇంకా ఉండే ఉంటారు. క్లాసులో మాస్టారు చదివి వినిపించిన పద్యం వారి నోట ఉండవచ్చు, కబురు చేయండి. గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల పాటలను వారి నోటి నుంచే విని రాసుకున్నది మీ ఊరి నుంచే కదా. గోడలకు తొమ్మిది నెలలు పట్టేటట్టుంటే, ఆ పుస్తకానికీ తొమ్మిది నెలలు పట్టనివ్వండి.

మీ కందంలో ఆ మూడక్షరాల మాట మాత్రం నేను తేల్చలేకపోయాను. మూడూ లఘువులే, అంటే పొట్టి అక్షరాలే కావాలి. "దిగులు" సరిపోతుంది, "బరువు" సరిపోతుంది, "వెతలు" కూడా సరిపోతుంది; అక్కడ యతి లేదు, ప్రాస లేదు, ఛందస్సు మూడింటికీ ఒప్పుకుంటుంది. వాటిలో మీ నాన్నగారు మామూలుగా వాడే మాట ఏదో మీకే తెలుస్తుంది. టార్చిలైటు వేసి చూడండి, గాడి కనబడకపోతే కొత్త పుస్తకంలో ఆ చోటు మూడక్షరాల మేర ఖాళీగా ఉంచి, పక్కన పెన్సిలుతో మూడు చుక్కలు పెట్టండి. దొరికిన నాడు నాకు ఒక ముక్క రాయండి.